అక్క పేరు మీద సెల్లాయి

“మనిషి ఒకరు, పేరు ఇంకొకరిది! ఇది ఆసుపత్రా, నాటకాల కంపెనీనా అన్నా?”

“అరవబాకు తమ్ముడూ. నేల తళతళ మెరస్తా ఉండాదా లేదా? ఎనిమిదేండ్లుగా ఆ నేల మీదనే కదా బూట్లేసుకొని నడస్తా ఉండావు? ఎప్పుడైనా నిలబడి, దీన్ని ఎవరు తుడిచినారని అడిగినావా?”

“అప్పుడు నీ రిజిస్టరు. నువ్వు టిక్కు పెడితే మనిషి ఉన్నట్టు. సోమవారం నుంచి సిస్టం. మొహం చూపిస్తే గేటు తెరుచుకొనేది, మొహం చూపిస్తేనే సంబళం పడేది. పదకొండు మంది మొహాలు వాళ్ళ ఆధార్‌తో కలవలేదు. పదకొండు! ఎం.డి. ముందర నేను ఏమని నిలబడేది?”

“లక్ష్మణన్ చేసినాడని చెప్పు.”

“చెప్పక? దాచిపెడతాననుకొన్నావా?”

మూడో అంతస్తు వరండాలో, ఆ గది తలుపుకు రెండడుగుల దూరంలో, సెల్లాయి మాప్ కర్రను ఒకే చోట తిప్పుతూ నిలబడిపోయింది. అక్కడ నేల ఎప్పుడో ఆరిపోయింది. లోపల అరుస్తున్నది గోకుల్‌నాథ్, ఆసుపత్రి సిబ్బంది వ్యవహారాలన్నీ చూసే మేనేజరు. బదులు చెబుతున్నది లక్ష్మణన్, ఊడ్చి తుడిచేవాళ్ళ మీద సూపర్‌వైజరు, ఇంకో రెండేళ్ళలో ఇంటికి పోవలసిన మనిషి. ఇద్దరూ కోయంబత్తూరులో తరాలుగా ఉన్న తెలుగు ఇళ్ళవాళ్ళే. ఆసుపత్రిలో అందరితో అరవం, డాక్టర్లతో ఇంగ్లీషు. బయటివాళ్ళకు తెలియకూడని మాట ఏదైనా ఉంటే మాత్రం ఇంటి తెలుగులోకి దిగుతారు. దానికి మించిన తాళం లేదని వాళ్ళ నమ్మకం. బయట మాప్ పట్టుకున్న ఆడమనిషి ఇంట్లో మాట్లాడేదీ తెలుగేనని ఇద్దరికీ తోచలేదు. వాళ్ళు అడగలేదు, ఆమె చెప్పలేదు. అట్లా ఏళ్ళు గడిచాయి.

ఆ పదకొండు మందిలో ఆమె ఒకతె. ఆసుపత్రి రిజిస్టరులో ఆమె సెల్లాయి కాదు, పాప్పమ్మాళ్.

పాప్పమ్మాళ్ ఆమె అక్క. ఇరవై రెండేళ్ళ కిందట ఈ పని దొరికింది అక్కకే. రెండు నెలలు చేసిందో లేదో, మొగుడికి తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో పని కుదిరి, చంకలో బిడ్డతో ఆమె కూడా బస్సెక్కింది. మరి ఆసుపత్రిలో చోటు? దాన్ని ఊరికే వదిలేయడమన్నది వాళ్ళు కాపురముండే కాలనీలో ఎవరి తలకూ ఎక్కని మాట. అక్కడ పని మనిషిది కాదు, ఇంటిది. తల్లికి జ్వరమొస్తే అదే కార్డు మెడలో వేసుకొని కూతురు పోతుంది. కోడలు పురిటికి పోతే అత్త పోతుంది. యూనిఫారం నీలం చీర ఉందా, చీరలో ఒక మనిషి ఉందా, ఆ మనిషికి రెండు చేతులున్నాయా, సూపర్‌వైజరుకు కావలసింది అంతే. దీన్ని మోసమని ఎవరూ అనుకోలేదు. మోసమైతే ఎవరికో ఒకరికి నష్టం రావాలి కదా, నేల ఏ రోజూ మురికిగా లేదు. అక్క మెడలోంచి కార్డు తీసి చెల్లెలి మెడలో వేసింది వాళ్ళమ్మ. “పొయ్‌రా, చోటు విడవబాకు” అంది. సెల్లాయికి అప్పుడు ఇరవై ఒకటి.

మొదటి రోజు లక్ష్మణన్ కార్డు చూశాడు, మొహం చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

“పాప్పమ్మాళ్?” అన్నాడు అరవంలో.

“ఆమాంగ సార్,” అంది, అవునండీ అని.

“పోయిన వారం ఇంకాస్త పొడుగ్గా ఉండినావే?”

“ఎండంగ సార్. కుంచించుకు పోయినాను.”

ఆయన నవ్వలేదు. టిక్కు పెట్టి, మూడో అంతస్తుకు పొమ్మన్నాడు. ఆ మూడో అంతస్తే ఇప్పటికీ.

ఇరవై ఆరు గదులు, రెండు వరండాలు, ఆపరేషన్ థియేటరు ముందరి నడవ. పొద్దున ఆరింటికి ఒకసారి, డాక్టర్లు రావడానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒకసారి. ఎవరైనా వాంతి చేసుకుంటే అది వేరు. ఎవరైనా చచ్చిపోతే అది ఇంకా వేరు. ఫినాయిలు ఆమె వేళ్ళ కొసల గీతల్ని తినేసింది. ఈలోగా పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, మార్కెట్టులో మూటలు మోసి మోసి, వేలు అనే పేరున్న ఆ మొగుడు నడుము విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో ఎవరైనా వెనకనుంచి ‘సెల్లాయీ’ అని పిలిస్తే మొదటిసారి పలకదు, రెండోసారికి గుర్తొస్తుంది. ‘పాప్పమ్మాళ్’ అంటే నిద్రలో కూడా ‘వస్తా ఉండానంగ’ అంటుంది. మొగుడు వేలుకు అదొక పరాచికం. “నాకు ఇద్దరు పెండ్లాలప్పా. పగలు అక్క, రాత్రి చెల్లెలు” అని వచ్చినవాళ్ళకల్లా చెబుతాడు.

కరోనా ఏడాది ఆ అంతస్తులోకి అడుగుపెట్టడానికి నర్సులే జంకుతుంటే ఈమె బకెట్టు పట్టుకొని పోయింది. ధైర్యమేమీ కాదు, పొమ్మన్నారు, పోయింది. తర్వాత అందరినీ వరుసగా నిలబెట్టి శాలువా కప్పి, అద్దం కట్టిన సర్టిఫికెట్టు ఇచ్చారు. దాని మీద పాప్పమ్మాళ్ అని బంగారు అక్షరాలు. అది ఇంట్లో గడియారం కింద వేలాడుతోంది. చుట్టాలు చూసి, “ఇదేంది, మీ అక్కకు ఇచ్చినది నువ్వు తగిలించుకొన్నావు?” అంటే, “వాళ్ళింట్లో మేకు లేదు” అనేస్తుంది.

మోకాళ్ళు రెండేళ్ళుగా మాట వినడం లేదు. నిండు బకెట్టు ఎత్తితే లోపల ఇసుక రాసుకున్నట్టు చప్పుడు. ఆరు నెలల కిందట గోడ మీద ఒక నోటీసు అంటించారు: కొత్త సిస్టం రాగానే, పదిహేనేళ్ళు దాటినవాళ్ళను నేల పని నుంచి తీసి దుప్పట్ల గదికి మారుస్తారు. ఉతికి వచ్చిన దుప్పట్లు మడవాలి, ఏ అంతస్తు అడిగితే ఆ అంతస్తుకు ఇవ్వాలి. కూర్చునే పని. గదిలో ఒక కుర్చీ, పైన ఫ్యాను. నోటీసు కింద జాబితాలో రెండో పేరు పాప్పమ్మాళ్. ఆ ఆరు నెలలూ సెల్లాయి ఆ గోడ దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు తుడిచింది. ఆసుపత్రి నుంచి ఆమెకు ఇంకేమీ అక్కరలేదు. ఆ కుర్చీ చాలు.

సిస్టం వచ్చింది. దాన్ని పెట్టడానికి వచ్చిన కంపెనీ తరఫున కవిన్ పాత ఎక్స్‌రే గదిలో కూర్చున్నాడు. గోడకు తెల్లగుడ్డ, ఎదురుగా కెమెరా, వేలిముద్రల పెట్టె, ల్యాప్‌టాప్. కవిన్ ఆమె కాలనీవాడే, వెనక వరుస ఇల్లు. ఇంజనీరింగు మూడో ఏట వదిలేసి వచ్చాడు. ఎందుకు వదిలావని అడిగితే అడిగినవాళ్ళ మీదే విసుక్కుంటాడు. మూడు వారాల్లో మూడు వందల నలభై మొహాలు ఎక్కించాడు. డాక్టర్లు దువ్వెన తెచ్చుకున్నారు, నర్సులు పౌడరు అద్దుకున్నారు, ఒక వాచ్‌మన్ మీసం మెలితిప్పి నాలుగుసార్లు తీయించుకున్నాడు. సెల్లాయి వంతు వచ్చింది. కవిన్ కార్డు చూశాడు, ఆమెను చూశాడు, తలుపు దగ్గరగా వేశాడు.

“చిన్నమ్మా, ఇక్కడ నువ్వు పాప్పమ్మాళా?” అన్నాడు తెలుగులో, గొంతు తగ్గించి.

“ఆమా కన్ను,” అంది, పిల్లల్ని ముద్దుగా పిలిచే అరవ మాటతో. “సుమ్మా, ఊరికే అట్లనే రాసెయ్.”

“రాసేది నేను కాదు చిన్నమ్మా. పెద్దమ్మ ఆధార్ నంబరు కొడితే పెద్దమ్మ మొహం వస్తా ఉండాది చూడు. ఆ నంబరు మీద తిరుప్పూరులో పీఎఫ్ పడతా ఉండాది, ఇక్కడా పడతా ఉండాది. ఒకే మనిషి ఒకే పూట రెండు ఊర్లలో ఎట్ల ఉంటాదని అడగతాది ఇది.”

“ఇన్నేండ్లు ఎవరూ అడగలేదే?”

“ఇన్నేండ్లు చూస్తా ఉండింది మనుషులు. వాళ్ళకు వేరే పనులుండె.”

వేళ్ళు పెట్టమన్నాడు. పదిట్లో ఏడు వేళ్ళను పెట్టె గుర్తుపట్టనే లేదు, అక్కడ గీతలుంటే కదా. మొహం మీదే పోవాలి, మొహమేమో కలవలేదు. కవిన్ ఆమెను వరుస చివరికి పొమ్మన్నాడు. మర్నాడు మళ్ళీ చివరికి పొమ్మన్నాడు. మూడో రోజు వరుసలో ఆమె ఒక్కతే మిగిలింది. కలవని పేర్ల జాబితా అతన్ని అడక్కుండానే గోకుల్‌నాథ్ కంప్యూటరుకు పోయింది. తెల్లవారి ఈ తగువు.

తలుపు తెరుచుకుంది. లక్ష్మణన్ బయటికి వచ్చాడు. మెడ వెనక చెమట తుడుచుకుంటూ, పొడిగా ఉన్న నేలను చూశాడు, మాప్‌ను చూశాడు, ఆమెను చూశాడు.

“మీ మీద వేసుకోబాకండి సార్,” అంది సెల్లాయి. అప్రయత్నంగా తెలుగే వచ్చింది.

ఆయన నోరు తెరిచి మూయలేదు. “నీకు తెలుగు వచ్చునా?”

“ఇంట్లో అదే కదంగ సార్.”

“అయితే ఇన్నేండ్లు మేము లోపల మాట్లాడుకొనిందంతా...”

“అంతా కాదంగ. ఫ్యాను వేస్తే వినపడదు.”

ఆయనకు నవ్వు రాబోయింది గాని రాలేదు. గోడకు చేరగిలబడ్డాడు. “నీ అసలు పేరేంది?” అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన మెట్లు దిగిపోయాడు.

మిగతా పదిమందికీ పెద్ద చిక్కు లేదు. ఒకరు రెండేళ్ళు, ఒకరు ఎనిమిది నెలలు. వాళ్ళంతా సొంత పేర్ల మీద కొత్తగా చేరినట్టు రాసుకున్నారు, పోయిందేమీ లేదు. సెల్లాయిని గోకుల్‌నాథ్ విడిగా పిలిచాడు. అరవంలోనే, మర్యాదగానే చెప్పాడు. పాప్పమ్మాళ్ స్వయంగా రావాలి. మొహం, వేళ్ళు ఇచ్చి తన పేరు సరిచేసుకోవాలి, పని మానుకుంటున్నానని సంతకం పెట్టాలి. సెల్లాయి సోమవారం నుంచి సెల్లాయిగా చేరవచ్చు. పోలీసులూ కేసులూ ఉండవు, ఎం.డి.ని ఒప్పించాడు.

“దుప్పట్ల గది సార్?” అంది ఆమె.

“అది పదిహేనేండ్లు దాటినవాళ్ళకమ్మా. నువ్వు సోమవారమే కదా చేరతా ఉండేది?”

శనివారం మధ్యాహ్నం గాంధీపురం బస్టాండులో పాప్పమ్మాళ్ తిరుప్పూరు బస్సు దిగింది. చెల్లెలికన్నా ఇప్పటికీ జానెడు పొడుగు. బట్టల కంపెనీలో చెకింగు పని, పొద్దస్తమానం దీపం కింద కుట్లు చూసి చూసి కళ్ళకు సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి. అరపూట సెలవు పెట్టి వచ్చింది, ఆ కోపం దిగడంతోనే చూపించింది.

“నీ పేరుకు ఏమి తెగులు పట్టిందే? ఇన్నేండ్లు బాగానే ఉండె కదా?”

“నా పేరు కాదు, నీ పేరు. నాది ఎవరూ అడగనే లేదు.”

“ఇచ్చినాను కదా నీకు? ఇరవై రెండేండ్లయింది, ఎప్పుడైనా తిరిగి అడిగినానా? అట్లనే ఉంచుకో. తిరుప్పూరులో నేను సెల్లాయినని చెప్పుకొంటే పోయింది.”

“మొహం చూస్తాదక్కా అది.”

“మొహం చూసి ఏమి చేసేది? పెండ్లికొడుకా?”

టౌన్‌బస్సులో ఇద్దరూ నిలబడే వచ్చారు. కడ్డీ పట్టుకొని ఊగుతూ, నంబర్లు ఎట్లా మార్చుకోవచ్చో పాప్పమ్మాళ్ మూడు ఉపాయాలు చెప్పింది. మూడూ కవిన్ అంతకుముందే కాదన్నవే. పాప్పమ్మాళ్ పేరు మీద జమైన పీఎఫ్ సంగతి కూడా వచ్చింది. “వచ్చింది వచ్చినట్టు నీ చేతిలో పెడతాను” అంది అక్క. “సరి” అంది చెల్లెలు. దాని మీద అంతకన్నా మాట లేదు.

మేనేజరు గది బయట బల్ల మీద కూర్చున్నారు. పక్కన బకెట్టు లేకుండా ఆ బల్ల మీద కూర్చోవడం సెల్లాయికి అదే మొదలు. లోపలినుంచి ప్యూను తల బయటపెట్టి, “పాప్పమ్మాళ్!” అన్నాడు.

సెల్లాయి లేచి నిలబడింది. రెండడుగులు వేసింది కూడా. తర్వాత గుర్తొచ్చి ఆగి, వెనక్కి తిరిగి అక్కను చూసింది. అక్క అద్దాలు సర్దుకొని లేచింది. ఇద్దరూ కలిసే లోపలికి పోయారు.

గోకుల్‌నాథ్ కాగితం ముందుకు తోశాడు. సొంత కారణాల వల్ల పని మానుకుంటున్నానని అరవంలో ఉంది. పాప్పమ్మాళ్ కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకొని, కుట్టు తప్పు వెదికినట్టు ఒక్కో వరుసా చదివింది.

“సార్, నేను ఇక్కడ చేసింది రెండు నెలలు. మానుకొన్నది ఎప్పుడో. ఇప్పుడు ఏమని మానుకొనేది?”

“సైన్ పెట్టమ్మా. రికార్డులో నువ్వే ఉండావు. ఇరవై రెండేండ్లు.”

“ఓ. ఇరవై రెండేండ్లు నాయేనా?”

“రికార్డు ప్రకారం నీవే.”

“అయితే పదిహేను దాటినాయి కదా? సోమవారం వచ్చి ఆ దుప్పట్ల గదిలో నేనే కూర్చుంటాను. మొహం నాది, నంబరు నాది, ఏండ్లూ నాయే అంటారు. మీ సిస్టం నన్ను కూర్చోబెడతాదా, కూర్చోబెట్టదా?”

గోకుల్‌నాథ్ తెర మీది జాబితా చూశాడు. కూర్చోబెడుతుంది. అతనికి తెలుసు. జాబితాలో రెండో పేరు అదే, మొహం కలిస్తే చాలు. ఇరవై రెండేళ్ళు నేల తుడిచినదానికి కుర్చీ లేదు, తుడవనిదానికి ఉంది. పాప్పమ్మాళ్ నవ్వుతూనే అడిగింది గాని, అద్దాల వెనక కళ్ళు నవ్వడం లేదు.

“అక్కా, వద్దు,” అంది సెల్లాయి తెలుగులో.

గోకుల్‌నాథ్ ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. కాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు. తర్వాత, ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టు తెలుగులో అన్నాడు: “నేను ఏమి చేసేదమ్మా? నాకు తెలుసు. లక్ష్మణన్ అన్నకు తెలుసు. దానికి తెలియదే.” దానికి అన్నప్పుడు కంప్యూటరు వైపు చూపించాడు. “నేను చెప్పినా అది వినదు. నోటితో చెప్పింది ఎక్కదు.”

అతను అబద్ధం చెప్పలేదు. అట్లాగని పెద్దగా ప్రయత్నమూ చేయలేదు. ఇంకో నలభై పనులున్నాయి అతనికి.

పాప్పమ్మాళ్ సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం విడివిడిగా, నొక్కి రాసింది. ఎక్స్‌రే గదిలో మొహం చూపించింది, పది వేళ్ళూ పెట్టింది. పదీ పడ్డాయి. పచ్చదీపం వెలిగింది, ఆ వెంటనే ఆమె పేరు పక్కన ‘మానుకొన్నారు’ అని వచ్చింది. రెండో షిఫ్టులో మిగతా సగానికైనా అందుకోవాలని చెల్లెలి భుజం మీద ఒకసారి చెయ్యేసి బస్సుకు పోయింది.

గదిలో సెల్లాయి, కవిన్ మిగిలారు. సాయంత్రం నాలుగవుతోంది. కవిన్ పేరు అడగలేదు, తానే కొట్టాడు. మొగుడి పేరు కొట్టాడు, ఇంటి నంబరు కూడా కొట్టాడు. కెమెరా ముందు కూర్చోమన్నాడు. ఆమె మొహం ఆమె నంబరుతో ఒక్కసారికే కలిసింది. చేరిన తేదీ అన్నచోట సోమవారం తేదీ వేశాడు.

ఆ కింద గడి, ఇంతకు ముందు పని చేసిన ఏళ్ళు. కవిన్ ఆలోచించకుండా 22 అని కొట్టాడు. సిస్టం సర్టిఫికెట్టు జతచేయమంది. పనిచేసిన చోటు నుంచి సర్టిఫికెట్టు కావాలి, పనిచేసింది ఇక్కడే, ఇక్కడ పనిచేసింది పాప్పమ్మాళ్. అతను కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. గదిలో అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, ఎవర్నో బూతు తిట్టి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. 22ను చెరిపేశాడు.

“ఏమి కన్ను?” అంది సెల్లాయి.

“ఏమీ లేదు చిన్నమ్మా. ఇక్కడ సున్నా వెయ్యాల. లేకుంటే కిందకి పోదు.”

“సున్నా అంటే?”

“ముందు ఎక్కడా పని చెయ్యలేదని.”

సెల్లాయి లేచి వచ్చి తెరను చూసింది. నిలబడితే మోకాలు పట్టేసింది, బల్ల అంచు పట్టుకుంది. ఖాళీ గడి పక్కన చిన్న ఎర్ర చుక్క ఉంది.

“అదేంది?”

“అది ఉంటే ఆ గడి నింపి తీరాలని అర్థం.”

“దాన్ని పెట్టింది ఎవరు? మేనేజరా?”

కవిన్ మౌసు పక్కకు తోశాడు. “మా కంపెనీ,” అన్నాడు. తర్వాత, “నేనే పెట్టినాను. పోయిన నెల. ఏ గడికి పెట్టాలో జాబితా ఇచ్చినారు, వరసగా పెట్టుకొంటా పోయినాను.”

“తీస్తే ఏమన్నా అవుతాదా?”

“నన్ను అడగతారు.”

ఆమె ఆ గడి మీద వేలు పెట్టింది. బయట వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చుకుపోతున్నారు.

“కుర్చీ అడగడంలేదు నిన్ను,” అంది సెల్లాయి. “ఏండ్లు వెయ్యమనీ అడగడంలేదు. నీ చేతిలో లేదని తెలుసు. సున్నా మాత్రం వెయ్యబాకు కన్ను. ఆ చుక్క తీసేసి, గడి ఖాళీగా వదిలెయ్.”